మూడు నెలల నోటీసు అందిన మేనల్లుడికి

కంచరపాలెం, విశాఖపట్నం.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి అక్క ఫోన్ చేసి మాట రాక ఏడ్చింది. నీ ఉద్యోగం అప్పుడే పోయిందనుకుంది పాపం. నిన్ను ముందే రిటైర్ చేస్తూ ఇచ్చింది మూడు నెలల నోటీసు, అంటే ఇంకా మూడు నెలలు నువ్వు ఉద్యోగివే. అందులో మొదటి మూడు వారాలే అసలైనవి. ఆ రోజులన్నీ ఏ నాయకుడి గుమ్మంలోనో కూర్చుని పోగొట్టుకుంటావేమోనని నా భయం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ ఉత్తర్వు ఏ రూలు కింద ఇచ్చారో చూడాలి. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలో ఎఫ్ఆర్ 56(జె) అని ఉంది, కేంద్ర ఉద్యోగుల ఫండమెంటల్ రూల్స్‌లోది. అంటే ఇది శిక్ష కాదు. శిక్షగా ఇచ్చే నిర్బంధ పదవీ విరమణ వేరే. దానికి చార్జిషీటు, విచారణ ఉంటాయి, పెన్షన్లో మూడో వంతు దాకా కోత పడొచ్చు, 45 రోజుల్లో అప్పీలు వేసుకోవాలి. నీది సర్వీసు సమీక్షలో ఇంటికి పంపడం. చేసిన సర్వీసుకి రావలసిన పెన్షన్, గ్రాట్యుటీ వస్తాయి. ఈ ఒక్క ముక్క ఇంట్లో అమ్మాయికి ముందు చెప్పు. తను కాస్త నిద్రపోతుంది.

నేను ఎస్టాబ్లిష్‌మెంటు సీట్లో, అంటే ఉద్యోగుల సర్వీసు కాగితాలు చూసే చోట, పందొమ్మిదేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఇలాంటి ఉత్తర్వులు ఈ చేతులే టైపు చేశాయి. నాలుగు లైన్లు, మధ్యలో "ప్రజాప్రయోజనం దృష్ట్యా" అన్న మాట, కింద సంతకం, అంతే. కారణం రాయరు, రాయక్కర్లేదు కూడా. "సంజాయిషీ అడగలేదు, కారణం చెప్పలేదు" అని నువ్వు ఎంత మొత్తుకున్నా కోర్టులో నిలబడదు. 1970లో కల్నల్ జె.ఎన్. సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది, 1992లో బైకుంఠనాథ్ దాస్ కేసులోనూ అదే అంది. అయితే దురుద్దేశంతో చేసినా, ఆధారమే లేకుండా చేసినా, ఆ రికార్డు చూసి బుద్ధున్నవాడెవడూ అలా నిర్ణయించడనిపించినా జోక్యం చేసుకుంటామని కూడా ఆ 1992 తీర్పులోనే ఉంది. నీ కేసుకి చోటు అక్కడే. పంపే హక్కు సర్కారుకి ఉందా అని వాదించకు. ఉంది. ఆ హక్కు నీ విషయంలో ఎలా వాడారని అడుగు.

1983 నీకు గుర్తుండదు, అప్పటికి చిన్నవాడివి. ఎన్టీఆర్ సర్కారు ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తెచ్చి రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించింది. ఆ నెలాఖరుకి వేలమంది ఒక్కసారిగా ఇంటికొచ్చేశారు. మా వీధిలో పొద్దున్నే కేరేజీ పట్టుకుని బయల్దేరడం అలవాటైన మనుషులు అరుగుల మీద కూర్చుండిపోయారు. వయసు తగ్గించే అధికారం సర్కారుకి లేదని వేసిన కేసు 1985 జనవరిలో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ఈలోగా 1984లో వయసు మళ్ళీ 58 చేశారు గానీ మధ్యలో ఉద్యోగం పోయినవాళ్ళని వదిలేశారు. వాళ్ళు "మమ్మల్ని ఎందుకు వేరు చేశారు" అని అడిగి 1985లోనే అదే కోర్టులో గెలిచారు. జస్టిస్ చిన్నప్పరెడ్డి గారి తీర్పు. అది వయసు గొడవ, నీది సమీక్ష గొడవ. అయినా ఏ పాయింటు మీద నిలబడాలో అక్కడ నేర్చుకోవచ్చు.

ఇప్పుడు నీ రికార్డు సంగతి. గత అయిదేళ్ళలో పని సంతృప్తికరంగా ఉన్నవాణ్ణి, ఆ అయిదేళ్ళలో ప్రమోషన్ వస్తే ఆ పై పోస్టులో పని బాగున్నవాణ్ణి, అసమర్థుడని పంపకూడదని 2020 ఆగస్టులో కేంద్ర సిబ్బంది శాఖ ఇచ్చిన మెమోలో ఉంది. నిజాయితీ మీద అనుమానం ఉన్న కేసులకి ఈ రక్షణ లేదు. నీకు ఎనిమిదేళ్ళ కిందటి ఒక్క మచ్చ ఉంది, ఆ తర్వాత ప్రమోషన్ వచ్చింది. ప్రతికూల వ్యాఖ్యలున్నా ప్రమోషన్ ఇచ్చారంటే అది ఉద్యోగికి అనుకూలమేనని, శాఖాపరమైన విచారణ తప్పించుకునే అడ్డదారిగా ఈ రూలు వాడకూడదని 2001లో ఉమేద్‌భాయ్ పటేల్ కేసులో చెప్పారు. నీ వకీలు అడక్కపోయినా ఆ పేరు నువ్వే చెప్పు.

మూడు వారాల్లోపు రిప్రజెంటేషన్, అంటే ఈ నిర్ణయం మళ్ళీ చూడమనే వినతి, పడాలి. ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి చెబుతాను. నా పక్క సీటాయనకి ఇలాంటి నోటీసే వస్తే రిప్రజెంటేషన్ నేనే రాసిపెట్టాను. పై అధికారి మీద మా ఇద్దరికీ ఉన్న కసంతా రెండు పేజీల్లో కక్కాను. ఏటా పనితీరు మీద పై అధికారి రాసే రిపోర్టులు పదకొండేళ్ళవి ఉంటే తొమ్మిదింటిలో "వెరీ గుడ్" ఉందన్న సంగతి చివరి పేరాలో, అదీ సంఖ్య లేకుండా, "మంచి రిపోర్టులు కలవు" అని రాశాను. కమిటీ తోసేసింది. తర్వాత వకీలు గారు ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి, ఆ చివరి లైను కింద గీత గీసి, "మొదలెట్టాల్సింది ఇక్కడ కదండీ" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కాబట్టి నువ్వు ఒక్క ఠావు మీద గళ్ళు గీసి, ఏ ఏడాది ఏ గ్రేడు వచ్చిందో, రాసిన అధికారి హోదా ఏమిటో, అది నీకు అందజేశారో లేదో రాయి. ఎవర్నీ తిట్టకు. రిపోర్టుల నకళ్ళకి, సమీక్షా కమిటీ మినిట్సుకి పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పడెయ్. జవాబుకి 30 రోజులు గడువుంటుంది, నీ గడువేమో మూడు వారాలు. అది వచ్చేదాకా ఆగావంటే మునిగిపోతావు.

రిప్రజెంటేషన్ పెట్టకుండా కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్‌కి (క్యాట్) వెళ్తే ముందు అది పెట్టి రమ్మంటారు. పెట్టాక ఆరు నెలలు జవాబు రాకపోతే అక్కడి నుంచి ఏడాది టైముంది, తోసిపుచ్చితే ఆ తేదీ నుంచి ఏడాది. కానీ నోటీసు గడువు లోపలే స్టే అడగడం నయం. కుర్చీలో ఉన్నవాడికి స్టే అడగడం తేలిక, ఒకసారి బయటికొచ్చాక తిరిగి కూర్చోవడం కష్టం. టీ కొట్టు దగ్గర స్టేట్ ఉద్యోగులు "నేరుగా హైకోర్టే" అంటారు. వాళ్ళకి అది నిజం. నీది సెంట్రల్, నువ్వు సాయంత్రం గోదావరి ఎక్కి హైదరాబాద్ క్యాట్‌కే వెళ్ళాలి. దరఖాస్తు రుసుము యాభై రూపాయలే, ఖర్చంతా వకీలుదీ తిరుగుడుదీ. అక్కడ ఓడితే అప్పుడు హైకోర్టు.

ఆదివారం ఇంటికి రా. నోటీసుతో పాటు అది వచ్చిన కవరు కూడా తీసుకురా, చించి పారేయకు. నీకు ఏ రోజు అందిందో దాని మీది ముద్రే చెప్పాలి. మీ అత్త చేపల పులుసు చేస్తానంది.

మీ మామయ్య