మిక్సీ మోటారు మళ్ళీ మళ్ళీ కాలిపోతుంటే మెకానిక్‌ను మార్చాలా, మిక్సీనే మార్చాలా?

మూడు నెలల్లో రెండుసార్లు మిక్సీ మోటారు కాలిపోయిందనీ, రెండుసార్లూ వైండింగ్ (కాలిన తీగ తీసేసి కొత్తది చుట్టించడం) చేయించినా నిలవలేదనీ, మోటారు ఉన్న అడుగుభాగాన్ని మాత్రమే మెకానిక్‌కు ఇచ్చి వచ్చాననీ మీరు రాశారు. మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి మాటలోనే ఉందని నా అనుమానం. నేను మెకానిక్‌ను కాను. వంటింటి సామాను పట్టుకుని రిపేర్ల చుట్టూ తిరిగి, కొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవాడిని. అందువల్ల ఇక్కడ రాసేది అనుభవం మీద చెబుతున్న మాటగానే తీసుకోండి.

మిక్సీ మోటారు మీద భారమంతా జార్ నుంచే వస్తుంది. జార్ అడుగున బ్లేడు ఇరుసు ఒక బుష్‌లో, అంటే దాన్ని పట్టి ఉంచే చిన్న గొట్టంలో, తిరుగుతూ ఉంటుంది. అక్కడి వాషరు అరిగిపోతే లోపలి తడి మెల్లగా కిందికి దిగి, బుష్‌లో జిగటగా ఎండి ఇరుసును పట్టేస్తుంది. అప్పుడు మోటారు తన పనితో పాటు ఆ బిగుసుకుపోయిన ఇరుసును తిప్పే పని కూడా మోయాలి. తీసుకునే కరెంటు పెరుగుతుంది, మోటారులోని తీగ చుట్ట (కాయిల్) వేడెక్కుతుంది, తీగ మీది వార్నిష్ పూత కాలి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మెకానిక్ ఎంత శ్రద్ధగా కొత్త వైండింగ్ చేసి ఇచ్చినా, ఇంటికి తెచ్చి దాని మీద మళ్ళీ అదే జార్‌ను కూర్చోబెడితే కథ మొదటికొస్తుంది.

ఇది తేల్చుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. జార్‌ను ఖాళీ చేసి, మోటారు మీద నుంచి తీసి, తిరగేసి పట్టుకుని అడుగున ఉన్న కప్లర్‌ను, అంటే జార్‌ను మోటారుతో కలిపే ముక్కను, వేలితో తిప్పండి. పైనుంచి బ్లేడును మాత్రం ముట్టుకోకండి. మంచి జార్‌లో అది ఏ అడ్డూ లేకుండా తేలికగా తిరుగుతుంది. గరగరలాడినా, మధ్యలో పట్టేసినట్టు అనిపించినా, పక్కలకు ఊగినా ఆ బుష్ పని అయిపోయినట్టే. తర్వాత అదే జార్‌లో సగం వరకు నీళ్ళు పోసి, పొడి కాగితం మీద అరగంట నిలబెట్టి తీసి చూడండి. కాగితం మీద తడి మరక కనిపించిందంటే, ఇన్నాళ్ళూ ఆ నీరు కప్లర్ మీదుగా మోటారులోకి జారుతూ వచ్చిందన్నమాట. ఈ రెండు పరీక్షలూ మీ దగ్గరున్న అన్ని జార్లకూ చేయండి, ఎందుకంటే ఎక్కువగా వాడే జార్ ఒక్కటే చెడి, మిగిలినవి బాగుండటం మామూలే.

ఇంకొకటి కూడా అడిగి తెలుసుకోవాలి. చాలా మిక్సీల అడుగున ఎర్ర బటన్‌తో ఒక ఓవర్‌లోడ్ స్విచ్ ఉంటుంది. భారం మితిమీరితే అది బయటికి వచ్చి కరెంటును తెంచుతుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది. మీ మోటారు రెండోసారి కాలినప్పుడు ఆ బటన్ ఎందుకు బయటికి రాలేదన్నది నాకు తోచిన ప్రశ్న. స్విచ్ చెడిపోయినప్పుడు కొత్తది వేయకుండా తీగలు రెండూ కలిపేసి డైరెక్టు చేసి పంపే మెకానిక్‌లను నేను చూశాను. మీ విషయంలోనూ అలా జరిగి ఉంటే ఇక ఆ మోటారుకు కాపలా లేనట్టే.

పోయిన భాగం వేరు, దాన్ని పోగొట్టిన కారణం వేరు అని నాకు నేర్పింది మా మైక్రోవేవ్ ఓవెన్. అది ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫ్యూజు పోయిందని ఒక మెకానిక్ కొత్తది వేశాడు. పది రోజులకు మళ్ళీ పోయింది. ఇంకొకరిని పిలిచి, వచ్చీ రాగానే "దీంట్లో ఫ్యూజు పోయింది" అని నేనే చెప్పాను. ఆయన నేను చెప్పిన పని చేసి డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు, రోగమూ మందూ రెండూ నేనే చెప్పాను కదా.

అది మళ్ళీ పోయింది. ఈసారి పిలిచిన మూడో మనిషి మూత విప్పకముందే, "ఆగిపోయిన క్షణంలో మీ చెయ్యి ఎక్కడుంది?" అని అడిగాడు. ఆలోచిస్తే గుర్తుకొచ్చింది. పోయిన ప్రతిసారీ, స్టాప్ నొక్కకుండానే, ఓవెన్ నడుస్తుండగా తలుపు లాగాను. ఆయన తలుపు పక్కన చెవి పెట్టి, మెల్లగా రెండు మూడుసార్లు తెరిచి మూశాడు. లోపల టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్ళు వినిపించాలట, ఒకటి తక్కువగా వస్తోందన్నాడు. తలుపు వెనక గోరంత స్విచ్‌లు మూడు దాకా ఉంటాయి. వాటిలో ప్రధానమైనది అతుక్కుపోయి, తలుపు తెరిచినా కరెంటు తెగకపోతే, కాపలాగా పెట్టిన మరొక స్విచ్ కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును పేలుస్తుంది. తలుపు తెరిచి ఉండగా లోపలి తరంగాలు బయటికి రాకుండా చేసిన ఏర్పాటు అది. అంటే ప్రతిసారీ ఫ్యూజు తన ధర్మం తాను నెరవేర్చిందే తప్ప చెడిపోలేదు. ఆయన తీసి చూపించిన స్విచ్ మీట పక్క నల్లగా మాడి ఉంది. దానితో పాటు షార్ట్ చేసిన కాపలా స్విచ్‌నూ, ఫ్యూజునూ మార్చాడు. ఆ తర్వాత ఆ ఓవెన్ మళ్ళీ మొరాయించలేదు. (ఇది చదివి మీ ఓవెన్ మూత మీరే విప్పబోకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్ ప్రాణం తీయగలిగినంత కరెంటును దాచుకుని ఉండవచ్చు.)

అప్పటి నుంచి నేను మెకానిక్‌కు నా నిర్ణయం చెప్పడం మానేసి, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి ఇస్తున్నాను. ఎంతసేపు నడిచాక ఆగింది, ఏ జార్ పెట్టినప్పుడు, ఏ స్పీడులో, ఏ వాసన, ఏ చప్పుడు అన్నవి అందులో ఉంటాయి. వాసనల్లోనూ తేడా ఉంటుంది. రబ్బరు కాలిన వాసన వస్తే చాలాసార్లు కప్లరే అయి ఉంటుంది. వార్నిష్ మాడిన ఘాటు వస్తే కాయిల్. గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయేమో చూడమనాలి, వాటిని జతగానే మార్పించాలి.

ఫ్రిజ్ విషయంలో ఇదే పొరపాటు ఇంకా ఖరీదైనది. చల్లబడటం లేదనగానే "గ్యాస్ అయిపోయింది, ఎక్కించాలి" అంటారు. కానీ అది మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే వాయువు. వాడకం వల్ల తరిగిపోదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడో చూపించి, దాన్ని మూసిన తర్వాతే గ్యాస్ ఎక్కించమనండి. అసలు అంతదాకా వెళ్ళేముందు తలుపు రబ్బరు బిగుతుగా ఉందో లేదో ఒక కాగితం ఇరికించి లాగి చూడండి, వెనక ఉన్న గొట్టాల కాయిల్ మీది దుమ్ము దులపండి. ఫ్రిజ్ మీద ఆర్-600ఏ అని రాసి ఉంటే అందులోది మండే వాయువు కాబట్టి, దాని పని తెలిసినవారికే అప్పగించాలి.

వారంటీ ఉంటే బయట ఎక్కడా విప్పించకూడదన్నది మీకు తెలిసే ఉంటుంది. వారంటీ లేనప్పుడు మార్చిన పాత భాగాన్ని వెనక్కి అడిగి తీసుకోండి, ఏ భాగం మార్చారో బిల్లు మీద పేరుతో సహా రాయించండి. రెండోసారి వెళ్ళినప్పుడు మాట్లాడటానికి ఆ రెండే మీకు ఆధారం.

ఇక మీరు అడిగిన అసలు మాట, కొత్తది కొనాలా అన్నది. జార్ బుష్ బిగుసుకుపోయిందని తేలితే కొనవద్దనే అంటాను, బుష్ మార్చడం వైండింగ్ కంటే చాలా చిన్న పని. జార్లన్నీ శుభ్రంగా ఉండి, ఓవర్‌లోడ్ స్విచ్ కూడా పనిచేస్తూ, అయినా మూడోసారి కాయిల్ కాలితే మాత్రం ఆ మోటారు మీద ఇంకో రూపాయి పెట్టకండి. ఈసారి మెకానిక్ దగ్గరకు జార్లన్నిటినీ తీసుకెళ్ళి, రిపేరు పూర్తయ్యాక ఎక్కువగా వాడే జార్‌నే పెట్టించి, వట్టిగా కాకుండా లోపల ఏదైనా వేసి, మీ కళ్ళ ముందే రెండు నిమిషాలు నడిపించి చూసుకున్న తర్వాతే డబ్బులివ్వండి.