ఎఫ్/9 అని జంకి 200-800 లెన్సును వదులుకోవాలా?

నమస్కారమండీ. కెనాన్ ఆర్5 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా మీద 100-500 మి.మీ. లెన్సుతో పులికాట్‌లో ఫ్లెమింగోలను తీస్తున్నాననీ, కెనాన్ ఆర్ఎఫ్ 200-800 మి.మీ. జూమ్ లెన్సు మీద వచ్చిన విమర్శలు చదివి వెనుకాడుతున్నాననీ రాశారు.

2023 నవంబరులో ఆ లెన్సును ప్రకటించినప్పుడు కొందరు దూరపు పక్షిని దగ్గరగా చూపే 800 మి.మీ. చేతికందిందని సంబరపడితే, మరికొందరు 800 దగ్గర ఎఫ్/9 చూసి (ఈ అంకె పెరిగేకొద్దీ సెన్సరు మీద పడే వెలుతురు పలచబడుతుంది) పెదవి విరిచారు. ఆ విరుపులో డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) రోజుల భయం కొంత ఉంది. అప్పట్లో ఎఫ్/8 దాటితే ఆటోఫోకస్ సాధారణంగా చేతులెత్తేసేది. మీ ఆర్5కు ఆ బాధ లేదు.

లెక్క చూడండి. 500 మి.మీ. దగ్గర తీసిన 45 మెగాపిక్సెళ్ల ఫొటోను 800 మి.మీ.కు సమానంగా క్రాప్ చేస్తే (అంచులు కత్తిరిస్తే) మిగిలేది సుమారు 17.5 మెగాపిక్సెళ్లే. పైగా వెలుతురు వచ్చే ద్వారం మీ లెన్సులో 500 వద్ద, ఎఫ్/7.1తో 70 మి.మీ. అయితే, 200-800లో 800 వద్ద ఎఫ్/9 అయినా 89 మి.మీ. ఉంటుంది కనుక, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన స్థాయి) అంకె పెరిగినా, దూరపు పక్షి నుంచి ఎక్కువ వెలుతురు పోగుచేసేది ఆ ‘చీకటి’ లెన్సే.

నన్నడిగితే అసలు చిక్కు బరువు: 1370 గ్రాముల నుంచి 2050కి వెళతారు, జూమ్ చేస్తే గొట్టం ముందుకు సాగుతుంది కూడా. ఇక ఎండెక్కాక ఫ్లెమింగో కాళ్లు నీటిలో నీడల్లా వంకర్లు తిరిగి కనిపిస్తే అది వేడిగాలి పని. దానికి ఏ లెన్సూ మందు కాదు.

మీ పాత ఫొటోలు తెరిచి, ఉదయం తీసినవాటిలో సగానికి మించి క్రాప్ చేసినవి ఎన్నో లెక్కపెట్టండి. ఎక్కువే ఉంటే, రెండు రోజులు అద్దెకు తెచ్చి చేత్తో పట్టుకుని చూశాకే కొనండి.