ముందు డబ్బు, ఆ తర్వాతే సంతకం

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఫ్రీలాన్స్ రైటర్‌ని. ఇక్కడి ఒక కోచింగ్ కంపెనీ వెబ్‌సైట్ కోసం జనవరి నుంచి మార్చి దాకా 42 వ్యాసాలు రాసిచ్చాను. ఒక్కోదానికి 1,500 రూపాయలని వాట్సాప్‌లోనే మాట్లాడుకున్నాం, అగ్రిమెంట్ లేదు. అన్నీ వాళ్ల సైట్‌లో వచ్చేశాయి. 63,000 రూపాయల బిల్లు పంపితే ‘బాగా రాశారు మేడమ్, అడ్మిషన్లు అయ్యాక జూన్‌లో క్లియర్ చేస్తాం’ అన్నారు. వేసవిలో వేరే పని కూడా లేదు, అద్దె కట్టడానికే టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ఒక కాగితం పంపి, సంతకం పెడితేనే డబ్బు వేస్తామంటున్నారు. వ్యాసాల మీద సర్వహక్కులూ శాశ్వతంగా కంపెనీవేనని, నాకు రావాల్సింది మొత్తం ముట్టిందని అందులో ఉంది. అగ్రిమెంట్ లేకపోతే నాకు హక్కే లేదా? ఈ ఖాళీలో ఆ వ్యాసాలను పుస్తకంగా వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. ‘మొత్తం ముట్టింది’ అన్న ఆ ఒక్క వాక్యం చాలు, రేపు మీ చేతికి పైసా రాకపోయినా వచ్చినట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది. అద్దె ఒత్తిడిలో ఇలాంటి కాగితాలకు తలొగ్గిన రచయితలు చాలామంది ఉన్నారు. మీరు అలా చేయకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అగ్రిమెంట్ లేకపోతే హక్కు లేదనేది అపోహ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. మీకైతే వాట్సాప్‌లో రేటుంది, పని అందుకున్నారు, వాడుకున్నారు. పైగా ‘జూన్‌లో క్లియర్ చేస్తాం’ అన్న మెసేజ్ ఉంది. బాకీ ఉన్నామని వాళ్లంతట వాళ్లు ఒప్పుకున్న మాట అది. ఫోన్ మార్చినా, చాట్ డిలీట్ అయినా పోతుంది కాబట్టి ఈరోజే తేదీ, నంబరు కనిపించేలా మొత్తం చాట్‌ను భద్రపరచండి. కోర్టులో దాన్ని పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది మీ వకీలు తయారు చేయిస్తారు. పని లేని ఈ రోజుల్లో ఒక పట్టిక కూడా రాసుకోండి: వ్యాసం పేరు, పంపిన తేదీ, సైట్‌లో వచ్చిన లింకు, రావాల్సిన మొత్తం. వాళ్లు పేజీలు తీసేయకముందే ప్రింట్లు తీసుకోండి.

ఇక అసలు సంగతి కాపీరైట్. జీతానికి ఉద్యోగం చేస్తూ రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. మీరు ఉద్యోగి కాదు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం ఆ 42 వ్యాసాలకు మొదటి హక్కుదారు మీరే. సెక్షన్ 19 ప్రకారం సంతకంతో రాసిస్తే తప్ప హక్కులు చేతులు మారవు. అలా రాసిచ్చినా, ఎంతకాలమో చెప్పకపోతే ఐదేళ్లకే, ఏ ప్రాంతమో చెప్పకపోతే భారతదేశానికే పరిమితం. ఆ కాగితంలో ‘శాశ్వతంగా’ అన్న మాట ఊరికే రాలేదు. వాళ్లకు మీ సంతకం అవసరం, మీ చేతిలో ఉన్న బలం అదే. హక్కులు ఇవ్వడం మీకు ఇష్టమైతే ఇవ్వండి, కానీ డబ్బు ఖాతాలో పడ్డాకే, ‘ముట్టింది’ అన్నచోట మొత్తం, తేదీ వేయించి.

అలాగని ‘మా వ్యాసాలు దొంగిలించారు’ అని నోటీసులో రాయకండి. మీరే పంపారు కాబట్టి సైట్‌లో వేసుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే అర్థమవుతుంది. మీ కేసు బాకీ కేసు. పోలీసుల దగ్గరకు వెళ్లినా సివిల్ వ్యవహారమనే అంటారు. మొదటినుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితే తప్ప చీటింగ్ నిలబడదు.

ముందుగా 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి, స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ. స్పందన లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పంపమని అర్జీ ఇవ్వవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు తీర్పు (డిక్రీ)తో సమానం. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలును ఇస్తారు, ఈ సంగతి చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

రాజీ కుదరకపోతే సివిల్ దావా. పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్ల గడువు ఉంది. వేసవి సెలవుల్లో సివిల్ కోర్టులు అత్యవసర విషయాలే వింటాయి, అయినా అంత గడువుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు. ఎవరికైనా గడువు సరిగ్గా ఆ సెలవుల్లో ముగిసినా, కోర్టు తెరిచిన రోజున దాఖలు చేయవచ్చు.

ఒక చిన్న పని జూన్‌లో చేయండి. ఆదాయపు పన్ను సైట్‌లో మీ పేరు మీద జమైన పన్నును చూపించే 26ఏఎస్ పట్టిక తెరిచి చూడండి. మార్చి లెక్కల్లో మీ బిల్లు చూపించి కంపెనీ టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకునే పన్ను) కట్టి ఉంటే అది అక్కడ కనబడుతుంది. బిల్లు తమకు అందలేదని బుకాయించడం అప్పుడు కష్టం. ఇలాంటి పనికి సాధారణంగా 10 శాతం పట్టుకుంటారు, కాబట్టి చేతికి 56,700 వస్తే తక్కువ వేశారని గొడవ పడకండి.

పుస్తకం వేసుకోవచ్చు. అయితే ఇంతకుముందు ఏదైనా ఫారం మీద సంతకం చేశారా, హక్కులు వదులుకుంటూ మెయిల్‌లో ‘ఓకే’ అన్నారా అని ఒకసారి వెతకండి. వాళ్లిచ్చిన బొమ్మలు, స్టడీ మెటీరియల్ మాత్రం పుస్తకంలో వాడకండి, అవి మీవి కావు.

పనిలో పనిగా ఈ నెలలోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేసుకోండి. ఆధార్, పాన్ చాలు, ఖర్చు లేదు. పాత బాకీకి దాన్ని నమ్ముకోకండి, రాబోయే పనులకు ఉపయోగం. 2006 ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. రాతపూర్వకంగా గడువు పెట్టుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. వసూలుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కొత్త పని ఒప్పుకునేటప్పుడు రేటుతో పాటు ‘పూర్తి చెల్లింపు తర్వాతే హక్కుల బదిలీ’ అని మెసేజ్ పెట్టి, అవతలివాళ్ల జవాబు వచ్చాకే రాయడం మొదలుపెట్టండి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి.