యువ రచయిత్రికి ఓ ఉత్తరం

శ్రావణికి ఆశీస్సులు.

అంతరించిపోతున్న జంతువుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "మానవుడి స్వార్థం", "అభివృద్ధి పేరిట విధ్వంసం" లాంటి మాటలు పేజీకి రెండు మూడున్నాయి, ముందు వాటిని కొట్టెయ్. మానవుణ్ణి ఎంత తిట్టినా చదివేవాడికి చీమ కుట్టినట్టుండదు, తనని అనుకోడు కదా.

పులి, ఏనుగు, ధ్రువపు ఎలుగుబంటి అన్నీ ఏకరువు పెట్టి, రాబందును ఒక్క వాక్యంలో దాటేశావు. మిగతావన్నీ తీసేసి దాన్నొక్కదాన్నే పట్టుకో.

ఒక రైతు ఎద్దు కుంటుతోంది. డాక్టరో, ఊళ్లో సూదులేసే కుర్రాడో డైక్లోఫెనాక్ ఇస్తాడు. నొప్పికీ వాపుకీ చవకైన మందు. ఎద్దు ముసలిది, రెండ్రోజులకే పోతుంది. ఊరవతల పారేస్తారు. రాబందులు పదుల కొద్దీ దిగి, చూస్తుండగానే ఎముకలు మిగులుస్తాయి. ఆ మాంసంలో మిగిలిన మందు వల్ల కొద్ది రోజులకే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చచ్చిన పక్షిని కోసి చూస్తే గుండె మీదా కాలేయం మీదా యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుని ఉంటుంది.

ఇందులో స్వార్థం ఎవరిది? గొడ్డు బాధ చూడలేక సూది వేయించారు, అంతే. నీ వ్యాసంలో లేనిది ఈ రైతే.

మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి ఉన్నాయనుకుంటే 2007 నాటికి మిగిలింది ఒకటి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి అది, అంత నష్టం ఎలా పూడ్చుకుంటుంది? ఒక్క గొడ్డు మీద అన్ని వాలతాయి కాబట్టి, నూటికి ఒక్క కళేబరం కన్నా తక్కువ వాటిలో మందున్నా ఈ పతనానికి సరిపోయేదని లెక్కలు కట్టారు. ఏదో రోగమనుకుని ఏళ్ల తరబడి వెతికాక, 2004లో గానీ అసలు కారణం బయటపడలేదు.

2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు గొడ్ల దగ్గరికి చేరుతూనే వచ్చాయి. 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది. అలాంటి నొప్పి మందులే కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా రాబందులకు ప్రమాదమని 2023లో పశువులకు వాటినీ ఆపారు. అదే నొప్పికి మెలాక్సికామ్ ఉంది, రాబందులకు హాని లేదు. ఇదంతా మందుల షాపులో నడిచిన కథ. నువ్వేమో అడవిని వర్ణిస్తూ కూర్చున్నావు.

అన్నట్టు, జటాయువును మాత్రం తీసుకురాకు. రాబందు అనగానే అందరికీ మొదట తట్టేది ఆయనే.

బెజ్జూరు అడవిలో రాబందులు గూళ్లు కట్టిన పాలరాపు గుట్టకు తర్వాత వెళ్దువుగాని. ముందు మీ మండలం పశువుల ఆసుపత్రికి వెళ్లు. కుంటే ఎద్దుకు ఇప్పుడేం వేస్తున్నారో అడుగు, బీరువాలో సీసాల మీది పేర్లు చదువు. అక్కడ చెప్పిన మాటలు నీ భాషలోకి మార్చకుండా చెప్పినవి చెప్పినట్టు రాసి నాకు పంపు.