టెక్ సందేహాలు: ఆఫీసుకి ల్యాండ్‌లైనా, ఇంటర్నెట్ ఫోనా?

ప్రశ్న: నెల్లూరు దర్గామిట్టలో మాది 30 పడకల నర్సింగ్ హోం. మూడు రాగి ల్యాండ్‌లైన్లు, వాటికి 16 ఎక్స్‌టెన్షన్ల పాత ఈపీఏబీఎక్స్ (బయటి లైన్లను లోపలి ఫోన్లకు పంచే డబ్బా) ఉన్నాయి. వాన పడితే లైన్లలో గరగర, ఏదో ఒకటి డెడ్. అన్నీ తీసేసి టేబుల్ టేబుల్‌కీ ఇంటర్నెట్ ఫోన్లు పెట్టుకోమని ఒకరు కొటేషన్ ఇచ్చారు. మా 0861 నంబర్ ఏళ్ల తరబడి పేషెంట్లకు అలవాటైంది. ఏం చేయాలి?

జవాబు: ఆ కొటేషన్‌ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీ దగ్గర పాడైంది బయటి రాగి జత. లోపల వార్డులకు, ఫార్మసీకి, ఆపరేషన్ థియేటర్‌కి ఉన్న ఇంటర్‌కమ్ బాగానే ఉంది కదా? బాగున్నదాన్ని పీకి డబ్బు తగలేయడం ఎందుకు?

రాగి లైనుకున్న పెద్ద సుగుణం ఒక్కటే. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల డీసీ ఆ రెండు తీగల మీదే వస్తుంది కాబట్టి మీ వీధిలో కరెంటు పోయినా ఫోన్ మోగుతుంది. రాగికి బదులు వేసే ఫైబర్ మీద ఆ సౌకర్యం లేదు. గాజు తీగలో కరెంటు రాదు. పైగా ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే ‘ల్యాండ్‌లైన్’ అసలు ఇంటర్నెట్ తరహా ఫోనే. మాట ప్యాకెట్లుగా మారి వెళ్తుంది. గోడకు పెట్టే ఓఎన్‌టీ డబ్బాలోని ఫోన్ పోర్టు దాన్ని మళ్లీ పాత పద్ధతిలోకి మార్చి డయల్ టోన్ ఇస్తుంది. అంటే ఫైబర్ తీసుకున్న రోజే మీరు ఇంటర్నెట్ ఫోన్‌లోకి వచ్చేసినట్టు. ఇక తేల్చుకోవాల్సింది ఆ మార్పిడి గుమ్మం దగ్గర ఆగాలా, టేబుల్ దాకా రావాలా అన్నదే. మీకు గుమ్మం దగ్గర చాలు.

మొదట నంబర్ సంగతి చూడండి. మొబైల్‌కి దేశమంతటా 2011 జనవరి 20 నుంచి పోర్టబిలిటీ (నంబర్ మారకుండా కంపెనీ మారే వీలు) ఉంది, ల్యాండ్‌లైన్‌కి లేదు. మీ 0861 నంబర్‌ని వేరే కంపెనీకి తీసుకెళ్లలేరు. ఇంటర్నెట్ మీద ఫోన్ సేవ ఇచ్చే క్లౌడ్ కంపెనీ ఇచ్చేది కొత్త నంబర్. పాతదాన్ని దానికి ఫార్వర్డ్ చేసుకోమంటే పాత లైను అద్దె, ఫార్వర్డ్ ఖర్చు, క్లౌడ్ చందా మూడూ మీ మీదే పడతాయి. కాబట్టి ఇప్పుడున్న సంస్థనే ఫైబర్ అడగండి. అదే నంబర్ ఫైబర్ మీదకి మారుస్తామని దరఖాస్తులో రాయించుకోండి. కొత్త డబ్బా మీద పాత నంబర్ మోగేదాకా రాగి లైన్ సరెండర్ చేయొద్దు. ముందే సరెండర్ చేస్తే ఆ నంబర్ ఇంకొకరికి కేటాయించవచ్చు.

తర్వాతి పని చిన్నదే. ఓఎన్‌టీ ఫోన్ పోర్టు నుంచి ఆర్‌జే11 తీగను (మామూలు ఫోన్ తీగ) ఈపీఏబీఎక్స్ బయటి లైన్ పోర్టుకి కలపాలి. అరగంట చాలు. ఇబ్బంది వస్తే ఈ మూడు చోట్ల వస్తుంది.

పేషెంటు ఫోన్ పెట్టేసినా లైన్ ఖాళీ కాక ఎంగేజ్‌గా ఉండిపోవడం మొదటిది. అవతలివాళ్లు పెట్టేశారని ఈపీఏబీఎక్స్ బిజీ టోన్ విని తెలుసుకుంటుంది. మన దేశంలో ఆ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. ప్రోగ్రామింగ్‌లో బిజీ టోన్ డిటెక్షన్ ఆన్ చేయించి ఈ అంకెలు పెట్టించండి. రెండోది, చేసినవాళ్ల నంబర్ డిస్‌ప్లేలో రాకపోవడం. ఓఎన్‌టీలో కాలర్ ఐడీ పద్ధతి డీటీఎంఎఫ్, ఎఫ్ఎస్‌కే అని రెండు రకాలు. ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడాలి. మూడోది ఎస్‌టీడీ లాక్. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి ముందు 0 కొట్టాలి. పాత ఈపీఏబీఎక్స్‌లలో 0తో మొదలయ్యే కాల్స్ అన్నీ ఎస్‌టీడీ అని మూసేసి ఉంటాయి. దాంతో నర్సు పేషెంటు బంధువుల మొబైల్‌కి చేయలేదు. 0 తర్వాత 6, 7, 8, 9 వచ్చేవి తెరిపించి, 00 మాత్రం మూయించండి. అది విదేశీ కాల్స్‌కి దారి.

లైన్లు మూడు చాలవేమో కూడా లెక్కేయండి. ఉదయం ఓపీ సమయంలో గంటకి 30 కాల్స్, ఒక్కోటి 4 నిమిషాలు అనుకుందాం. మొత్తం 120 నిమిషాలు, సగటున ఎప్పుడూ రెండు లైన్లు బిజీ. సగటు రెండైతే మూడు చాలవా అనిపిస్తుంది. చాలవు, ఎందుకంటే కాల్స్ వరసలో నిలబడి రావు, ఒక్కసారిగా వస్తాయి. ఈ రద్దీకి 4 లైన్లుంటే నూటికి దాదాపు 10 కాల్స్‌కి ఎంగేజ్ వస్తుంది. 6 ఉంటే దాదాపు ఒక్కదానికే. ఫోన్ ఎత్తని ఆసుపత్రి అని పేరు పడేది చాలాసార్లు ఇక్కడే. పేషెంటు తప్పూ కాదు, రిసెప్షన్ అమ్మాయి తప్పూ కాదు.

కరెంటు విషయంలో అశ్రద్ధ వద్దు. ఓఎన్‌టీని, ఈపీఏబీఎక్స్‌ని ఇన్వర్టర్ లైన్ మీదే పెట్టండి. ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారే క్షణంలో డబ్బా ఆరిపోయి, మళ్లీ లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ రెండు నిమిషాలూ అంబులెన్స్ కోసం చేసేవాళ్లకి మీరు దొరకరు.

ఫైబర్ కూడా తెగుతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివానల్లో కరెంటు స్తంభాల మీద లాగిన తీగలన్నీ స్తంభాలతోపాటే పోతాయి. రిసెప్షన్‌లో వేరే కంపెనీ సిమ్‌తో ఒక మొబైల్ ఉంచి, ఆ నంబర్‌ని ప్రిస్క్రిప్షన్ కాగితం మీద 0861 నంబర్ పక్కనే ముద్రించండి. ఆసుపత్రికి ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

టేబుల్ మీద ఐపీ ఫోన్లు, అంటే ఇంటర్నెట్ ఫోన్లు ఎప్పుడు? ఇంకో ఊళ్లో బ్రాంచి తెరిచి రెండుచోట్లా ఒకే ఎక్స్‌టెన్షన్ వరస కావాలన్నప్పుడు, కాల్స్ రికార్డు కావాలన్నప్పుడు, డాక్టర్ ఇంటి నుంచే ఎక్స్‌టెన్షన్ ఎత్తాలన్నప్పుడు. అంతదాకా ఆగండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసు. క్వారీకి, ఒంగోలు ఆఫీసుకి కలిపి ఐపీ ఫోన్లు పెట్టాం. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా ఒక్కోసారి మా మాట వాళ్లకి వినపడుతుంది, వాళ్ల మాట మాకు వినపడదు. కొన్ని కాల్స్ మధ్యలో తెగిపోతాయి. స్పీడ్ పెంచాలా?

జవాబు: వద్దు, ఆ డబ్బు దండగ. మామూలు నాణ్యత జీ.711 కోడెక్‌తో (మాటను ప్యాకెట్ల కోసం అంకెలుగా మార్చే పద్ధతి) ఒక కాల్‌కి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చెరో 90 కేబీపీఎస్ పడుతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక ఎంబీపీఎస్ దాటదు. మీ జబ్బు వేరే.

ఒకవైపే వినపడటానికి కారణం దాదాపు ఎప్పుడూ రౌటరే. కాల్ మొదలయ్యేటప్పుడు మీ ఫోన్ తన చిరునామా చెబుతుంది. అది 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా అయితే అవతలి సర్వర్ మాటను అక్కడికి పంపబోతుంది, అది మీకు చేరదు. దీన్ని సరిచేయాలని రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం పెట్టారు. అదే చిరునామాను సగం మార్చి సగం వదిలి పని చెడగొడుతుంటుంది. ముందు దాన్ని ఆపేయండి. ఫైబర్ డబ్బా వెనక మీ సొంత రౌటర్ కూడా ఉంటే చిరునామా రెండుసార్లు మారుతోందన్నమాట. డబ్బాని బ్రిడ్జి మోడ్‌లో పెట్టించండి, అప్పుడు చిరునామా మార్చే పని మీ రౌటర్ ఒక్కటే చేస్తుంది. ఫోన్లలో కీప్ అలైవ్ (దారి తెరిచి ఉంచడానికి ఫోన్ పంపే చిన్న సందేశం) 30 సెకన్లకి పెట్టండి, లేకపోతే రౌటర్ దారి మూసేసి, వచ్చే కాల్స్ మోగవు.

తెగిపోయే కాల్స్‌కి గడియారం పట్టుకుని చూడండి. సరిగ్గా 32 సెకన్లకి తెగితే, కాల్ ఎత్తాక పంపాల్సిన అంగీకార సందేశం అవతలికి చేరడం లేదు. ఇదీ పైన చెప్పిన చిరునామా గొడవే. దాదాపు 15 నిమిషాలకి తెగితే సెషన్ టైమర్ గొడవ. అరగంట గడువుకి సగంలో ‘ఉన్నావా’ అని అడిగే సందేశానికి జవాబు రావడం లేదు. ఎప్పుడంటే అప్పుడు తెగితే లైన్‌నే అనుమానించాలి. ఈ మూడు సంగతులు కాగితం మీద రాసిస్తే మీ ఫోన్ల సంస్థవాళ్లు రోజులకొద్దీ వెతకనక్కర్లేదు.

లైన్‌ని పరీక్షించేదిలా. పగలు ఆఫీసు రద్దీలో, ఫోన్ సర్వర్‌కి పింగ్ కమాండ్‌తో 500 ప్యాకెట్లు పంపండి. పోయినవి నూటికి ఒకటి దాటకూడదు. వెళ్లిరావడానికి పట్టే సమయం ఒకదానికీ ఇంకోదానికీ 30 మిల్లీసెకన్లకు మించి ఊగకూడదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే సంభాషణ సాఫీగా సాగుతుంది. అది దాటితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటారు. అంకెలు ఉదయం బాగుండి పగలు చెడిపోతుంటే మీ సీసీ కెమెరాలు క్లౌడ్‌కి వీడియో ఎక్కిస్తూ అప్‌లోడ్‌ని నింపేస్తున్నాయేమో చూడండి. రౌటర్‌లో ఫోన్ల ప్యాకెట్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ప్యాకెట్ మీద ప్రాధాన్యం చెప్పే గుర్తు డీఎస్‌సీపీ, దాని విలువ 46.

క్వారీ దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగారా? రాగి క్యాట్6 కేబుల్ 100 మీటర్ల వరకే. ఆపైన మధ్యమధ్య స్విచ్‌లు పెట్టి లాగించే పద్ధతి క్వారీలో పనికిరాదు. ఒక్క పిడుగుకి ఆ తీగ పొడవునా ఉన్న ఫోన్లు, స్విచ్‌లు పోతాయి. లోహపు కవచం లేని ఫైబర్ వేసి రెండు కొసలా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని రాగి కేబుల్‌కి కలిపే డబ్బా) పెట్టండి. గాజులో పిడుగు ప్రవహించదు.

ప్రశ్న: అల్లూరులో రొయ్యల మేత అమ్ముతాం. నలుగురు కుర్రాళ్లు, నాలుగు మొబైళ్లు. రైతులకి ఒకే నంబర్ ఇవ్వాలి. క్లౌడ్ ఐవీఆర్ (‘ఫలానాదానికి ఒకటి నొక్కండి’ అని చెప్పి కాల్ పంచే సేవ) తీసుకోమంటున్నారు.

జవాబు: నలుగురికి అంత అవసరం లేదండీ. దుకాణం పేరున ఒక సిమ్ తీసుకుని, బిజీ అయినా ఎత్తకపోయినా కాల్ రెండో కుర్రాడికి వెళ్లేలా, అక్కడినుంచి మూడో కుర్రాడికి వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టండి. ఫోన్‌లో కాల్ సెట్టింగ్స్‌లోనే పెట్టుకోవచ్చు. యూఎస్ఎస్‌డీ కోడ్‌తో (స్టార్, అంకెలు, హ్యాష్ కొట్టి) ఫార్వర్డింగ్ పెట్టే పద్ధతిని టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది. మోసగాళ్లు దాన్ని వాడి ఓటీపీ కాల్స్ మళ్లించుకుంటున్నారు. ఎవరైనా ఫోన్ చేసి స్టార్‌తో మొదలయ్యే కోడ్ కొట్టమంటే కొట్టొద్దని కుర్రాళ్లకి చెప్పండి.

కాల్స్ పెరిగి క్లౌడ్ నంబర్ తీసుకున్నా మూడు సంగతులు రాతలో అడగండి. ఒకటి, ఒప్పందం ఆపేస్తే నంబర్ ఎవరిది? రెండు, కుర్రాడి ఫోన్‌లో రైతు నంబర్ కనపడుతుందా, కంపెనీ నంబరా? కంపెనీ నంబర్ కనపడితే తిరిగి చేయడానికి లేదు. అర్ధరాత్రి చెరువులో ఆక్సిజన్ పడిపోయి రైతు చేసిన కాల్ మిస్సయితే ఆ నష్టం ఎంతో మీకే తెలుసు. మూడు, రైతు నుంచి వచ్చే కాల్‌కీ, అది కుర్రాడికి వెళ్లే కాల్‌కీ విడివిడిగా నిమిషాలు లెక్కిస్తారా? ఈ జవాబులు వచ్చేదాకా మేత బస్తాల మీద ఆ నంబర్ అచ్చు వేయించకండి.

ప్రశ్న: ఒంగోలులో పొగాకు వ్యాపారం. పదుల సిమ్‌లు పట్టే డబ్బా మా ఆఫీసులో పెట్టుకుంటే విదేశీ కాల్స్ చౌక అని, పైగా నెలకి అద్దె ఇస్తామని ఒకరు వచ్చారు. పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. అది సిమ్ బాక్స్. విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్స్‌ని లోకల్ కాల్స్‌లా మార్చే దొంగ ఎక్స్ఛేంజి. అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా. డబ్బా మీ గదిలో, మీ కరెంటు మీద, మీ ఇంటర్నెట్ కనెక్షన్ మీద నడుస్తుంది కాబట్టి పోలీసులు ముందు వచ్చేది మీ దగ్గరికే. లైసెన్సు ఉన్న ఆపరేటర్ దగ్గర విదేశీ కాల్స్ ప్యాక్ తీసుకోండి. మీ కొనుగోలుదార్లు వాట్సాప్‌లో ఉంటే అందులోనే మాట్లాడుకోవచ్చు, యాప్ నుంచి యాప్‌కి మాట్లాడటం తప్పు కాదు.