ప్రాసెసర్ మార్చాక కంప్యూటర్ వేడెక్కుతోంది... దుకాణదారుపై ఫిర్యాదు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తూ బతుకుతున్నాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్ ఉండేది. మూడు నెలల క్రితం సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో రైజెన్ 7 5800ఎక్స్ కొని, బిగించినందుకు రూ.500 ఇచ్చి అక్కడే వేయించుకున్నాను. ‘పాత ఫ్యానే సరిపోతుంది’ అని వాట్సాప్‌లో కూడా చెప్పారు. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారు చేయడం) పెట్టగానే ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలకు చేరుతోంది, పని నెమ్మదిస్తోంది, అప్పుడప్పుడు మొత్తం ఆగిపోతోంది. అడిగితే ‘ప్రాసెసర్ బాగానే ఉంది, అమ్మిన సరుకు వాపసు తీసుకోమని బిల్లు మీదే రాసి ఉంది’ అంటున్నారు. నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ప్రాసెసర్‌లో లోపం ఉందని ఫిర్యాదు వేస్తే మీరు ఓడిపోయే అవకాశమే ఎక్కువ. తగిన కూలర్ (ప్రాసెసర్ వేడిని లాగేసే ఫ్యాన్ అమరిక) లేకుండా బిగించారని, ఆ సంగతి మీకు చెప్పలేదని వేస్తే మీ పక్షాన బలం ఉంది. కాగితం మీద పెట్టే ముందు ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకోండి. అందుకే చట్టం కంటే ముందు యంత్రం గురించి చెబుతాను.

మీ పాత 3600 ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది. బోర్డు మీద అది కూర్చునే సాకెట్ నుంచి గరిష్ఠంగా లాగేది 88 వాట్లు. దాంతో పెట్టెలో వచ్చిన రెయిత్ స్టెల్త్ అనే చిన్న కూలర్ ఆ వేడికి తగ్గట్టు చేసినదే. 5800ఎక్స్ 105 వాట్ల తరగతిది, 142 వాట్ల దాకా లాగుతుంది. దాని పెట్టెలో కూలర్ అసలు రాదు, విడిగా కొనుక్కోవాల్సిందే. పైగా దానికి తయారీదారు పెట్టిన ఉష్ణోగ్రత పరిమితే 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది. కాబట్టి ‘90కి వెళ్లి నెమ్మదిస్తోంది’ అన్న ఒక్క మాటతో ప్రాసెసర్ చెడిపోయిందని రుజువు కాదు. దుకాణదారు లాయరు మొదటి వాయిదాలోనే ఈ మాట అంటారు, అది నిజం కూడా.

ఇప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. ఈ తరం ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య పూసే పేస్టు గట్టిపడి ఉంటే కూలర్‌ను లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. వంగిన పిన్ను ఏ వారంటీలోకీ రాదు. ఆ తర్వాత ‘మీరే పాడు చేశారు’ అనడానికి దుకాణానికి ఒక కారణం దొరుకుతుంది. ముందు కూలర్ విప్పకుండా చేయగల పరీక్షలు చాలా ఉన్నాయి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, సెన్సర్ల పేజీలో లాగింగ్ ఆన్ చేయండి. తేదీ, సమయంతో సహా ప్రతి రెండు సెకన్లకు ఒక వరుస ఫైలులో పడుతుంది. అందులో టీడై (ప్రాసెసర్ లోపలి) ఉష్ణోగ్రత, పీపీటీ (ప్రాసెసర్ లాగే) వాట్లు, కోర్ల వేగం, ఫ్యాన్ వేగం చూడాలి. పది నిమిషాలు ఖాళీగా ఉంచి, తర్వాత ప్రాసెసర్‌ను పూర్తి భారంతో నడిపే సినీబెంచ్ ప్రోగ్రాంలో మల్టీకోర్ పరీక్ష పది నిమిషాలు నడపండి. గది ఉష్ణోగ్రత కాగితం మీద రాసుకోండి. ఖమ్మం ఎండల్లో మధ్యాహ్నం చేసిన పరీక్షకూ తెల్లవారుజామున చేసినదానికీ చాలా తేడా ఉంటుంది, ఎదుటివాళ్లు దాన్నే పట్టుకుంటారు. ఇంటర్నెట్ చూస్తున్నప్పుడు ఉష్ణోగ్రత ఒక్కసారిగా పది, పదిహేను డిగ్రీలు ఎగిరి దిగడం ఈ ప్రాసెసర్‌కు మామూలే, దాన్ని ఫిర్యాదులో రాయకండి.

తర్వాత బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ప్రాసెసర్ తక్కువ కరెంటు లాగేలా చేసే ఎకో మోడ్‌ను 65 వాట్ల తరగతికి పెట్టి అదే పరీక్ష మళ్లీ చేయండి. చాలా బోర్డుల్లో ఆ ఆప్షన్ ఓవర్‌క్లాకింగ్ మెనూ కింద ఉంటుంది. ఎకో మోడ్, పీబీఓ తప్ప అక్కడ ఇంకేమీ ముట్టుకోకండి. పీబీఓ అంటే ప్రాసెసర్‌ను మామూలు పరిమితులు దాటించి నడిపే సెట్టింగు; అది ఆన్‌లో ఉంటే దాని ఫొటో తీసుకుని ఆఫ్ చేయండి. పరిమితులు దాటించి నడిపితే కలిగే నష్టానికి తయారీదారు వారంటీ వర్తించదు, కాబట్టి దాన్ని ఆన్ చేసింది దుకాణమా మీరా అన్నది రేపు ముఖ్యమవుతుంది.

ఎకో మోడ్‌లో ప్రాసెసర్ 88 వాట్లకు మించి లాగదు, అంటే మీ పాత ప్రాసెసర్ లాగినంతే. అప్పుడు 90 తాకకుండా స్థిరపడితే కూలర్ బిగింపు బాగానే ఉంది, దాని సామర్థ్యమే చాలలేదు. అలా కాకుండా 88 వాట్లలో కూడా కొన్ని సెకన్లలోనే 90కి దూకితే, లేదా ఖాళీగా ఉన్నప్పుడే 65, 70 చూపిస్తుంటే తప్పు బిగింపులో ఉంది. పాత పేస్టు తుడవకుండా మళ్లీ పెట్టడం, నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలలుగా కాక ఒకే వైపు ముందు బిగించేయడం, ఫ్యాన్ వైరును సీపీయూ ఫ్యాన్ పిన్నులకు కాక వేరే చోట పెట్టడం, ఇవి తరచూ జరిగేవి. క్యాబినెట్ పక్క పలక తీసి ఒకసారి పరీక్షించండి. పది డిగ్రీలకు పైగా తగ్గితే గాలి ప్రసరణ కూడా ఒక కారణం. ఆ క్యాబినెట్ దుకాణం అమ్మినది కాకపోతే ఆ భాగం మీ లెక్కలోకే వస్తుంది.

కంప్యూటర్ పూర్తిగా ఆగిపోవడం వేరే సంగతి. ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, వెంటనే ఆరిపోదు. విండోస్ తన దోషాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని కనబడితే అది యంత్రం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. లాగ్ ఫైలు చివరి వరుస చూడండి. 90 దగ్గర నిలకడగా ఉంటూనే ఆరిపోతే పవర్ సప్లైని గానీ, బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే వీఆర్ఎం భాగాన్ని గానీ అనుమానించాలి. 65 వాట్లతో ఇన్నేళ్లు నడిచిన చవక బోర్డుకు 142 వాట్లు భారమే. అదే దుకాణం మీ బోర్డు చూసి ‘ఇది సరిపోతుంది’ అని ఉంటే ఈ అంశం కూడా మీకు ఉపయోగపడుతుంది. అందులోనే ‘డబ్ల్యూహెచ్ఈఏ లాగర్’ పేరుతో హార్డ్‌వేర్ దోషాలు పదేపదే, చల్లగా ఉన్నప్పుడు కూడా పడుతుంటే మాత్రం ప్రాసెసర్‌నే వారంటీలో పరీక్షకు పంపించమనండి.

ఈ ఫలితాలు చేతికొచ్చాక చట్టం సంగతి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) వస్తువు లోపం గురించి, సెక్షన్ 2(11) సేవలో లోపం గురించి చెబుతాయి. రూ.500 తీసుకుని బిగించారు కాబట్టి అది సేవ. నిర్లక్ష్యంతో వినియోగదారుకు నష్టం కలిగించడమే కాదు, అవసరమైన సమాచారాన్ని తెలిసి దాచడం కూడా 2(11) ప్రకారం సేవాలోపమే. పెట్టెలో కూలర్ రాదని, పాతది 65 వాట్ల తరగతిదని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలిసి ఉండాలి. ‘పాత ఫ్యానే సరిపోతుంది’ అన్న వాట్సాప్ సందేశం మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన కాగితం. ఫోన్ మార్చినా, రీసెట్ చేసినా ఆ చాట్ పోకుండా చూసుకోండి. దాని ప్రింటు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. లాగ్ ఫైలుకూ ఇదే వర్తిస్తుంది.

వస్తు విక్రయ చట్టం 1930 సెక్షన్ 16 కూడా చూడాలి. ఏ పనికి కావాలో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు చెప్పకపోయినా ఉన్నట్టే. కానీ ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ అని మీరే పేరుతో అడిగి కొంటే ఆ రక్షణ ఉండదు. ‘నా ఎడిటింగ్‌కు, ఈ బోర్డుకు ఏది బాగుంటుంది?’ అని అడిగారా, ‘5800ఎక్స్ ఇవ్వండి’ అన్నారా? మొదటిదైతే ఈ సెక్షన్ వాడుకోండి. రెండోదైతే దాన్ని వదిలేసి సేవాలోపం మీదే నిలబడండి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము’ అన్న ముద్ర చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. ఫిర్యాదు చేసే హక్కు దానివల్ల పోదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మీకు మూడు నెలలు దాటింది కాబట్టి ఆ నిబంధన ఇప్పుడు అక్కరకు రాదు, దాని మీద పేజీలు నింపకండి. సెక్షన్ 82 నుంచి 87 వరకున్న ఉత్పత్తి బాధ్యత నిబంధనలు కూడా మీకు పనికిరావు. వస్తువుకే కలిగిన నష్టాన్ని అక్కడ ‘హాని’ నిర్వచనం నుంచి మినహాయించారు.

మీరు ఆ కంప్యూటర్‌తో సంపాదిస్తున్నారు కాబట్టి ‘వాణిజ్య ప్రయోజనం, ఈయన వినియోగదారుడే కాదు’ అని ఎదుటివాళ్లు తప్పకుండా అంటారు. సెక్షన్ 2(7) వివరణ ప్రకారం స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదు. ఈ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి. చాలామంది దీన్ని మరిచిపోయి, తర్వాత సర్దుకోలేక ఇబ్బంది పడతారు.

సేవాలోపాన్ని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారే అని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే మీ పరీక్షలతో ఆగకండి. కూలర్ విప్పి చూపించమని దుకాణాన్ని రాతపూర్వకంగా అడగండి. వారం, పది రోజులు గడువిచ్చినా స్పందించకపోతే వేరే సర్వీస్ కేంద్రంలో, మొదటి నుంచి చివరిదాకా వీడియో తీస్తూ విప్పించండి. విప్పే ముందు కాసేపు రెండర్ నడిపి, షట్‌డౌన్ చేసి, పేస్టు వెచ్చగా ఉన్నప్పుడే కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయమనండి. పేస్టు అచ్చు ఎలా పడిందో దగ్గరగా ఫొటో తీయించండి. కనబడినదంతా జాబ్ షీటులో రాయించి సంతకం, ముద్ర తీసుకోండి. ప్రాసెసర్ మీది సీరియల్ నంబరు పెట్టె మీదిదానితో సరిపోతోందో చూడటానికి ఇదే సమయం. పెట్టె లేకుండా ట్రే ప్రాసెసర్ ఇచ్చి ఉంటే తయారీదారు మూడేళ్ల వారంటీ మీకు నేరుగా రాదు, అమ్మినవాడు ఇచ్చినదే వారంటీ. మూడేళ్ల కంపెనీ వారంటీ అని చెప్పి ట్రే సరుకు అమ్మి ఉంటే అది ఇంకో బలమైన ఆరోపణ అవుతుంది.

ఈలోగా కంప్యూటర్‌ను ఎకో మోడ్‌లోనే వాడుకోండి. వేగం కొంత తగ్గినా పని సాగుతుంది. నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉండి కూడా ఊరుకుంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ ప్రకారం పరిహారం లెక్కలో అది మీకు వ్యతిరేకంగా పడుతుంది. సామర్థ్యమే సమస్య అయితే, మీ బోర్డు సాకెట్ రకమైన ఏఎం4కు సరిపోయే బ్రాకెట్ ఉన్న, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు హీట్ పైపులు ఉన్న టవర్ కూలర్ కొనుక్కోండి. దాని ఎత్తు మీ క్యాబినెట్‌లో పడుతుందో ముందు కొలవండి. స్టెల్త్ గాలిని బోర్డు మీదికి కొట్టేది, టవర్ కూలర్ అలా కొట్టదు. అందుకని వెనకాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పకుండా ఉండాలి. కొత్త కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీయడం మరవకండి. ఆ బిల్లు, సర్వీస్ కేంద్రం బిల్లు, మొదట ఇచ్చిన రూ.500, మీరు అడగాల్సిన సొమ్ములో ముఖ్యమైనవి ఇవే. పోయిన ఆర్డర్లకు పరిహారం అడిగితే ఆ ఆర్డరు, ఆలస్యం, రద్దు, మూడింటికీ కాగితం ఉండాలి. ప్రాసెసర్ పూర్తి ధర వాపసు మాత్రం, మూడు నెలలు వాడిన తర్వాత, అది నిజంగా చెడిపోయిందని తేలితే తప్ప కష్టమే.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఖర్చు లేదు. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు గానీ, చాలా వివాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే సికింద్రాబాద్ తిరగక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట, అంటే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. లాయరును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ల గడువు ఉంది. వారంటీ మూడేళ్లు కదా అని ఆగితే అది దాటిపోతుంది.

ఫిర్యాదు తీసుకున్నాక ఎదుటి పక్షానికి జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజులు. అంతకు మించి పొడిగించడం కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రాసెసర్ చెడిపోయిందా లేదా అన్నది పరీక్ష లేకుండా తేలకపోతే సెక్షన్ 38 కింద ప్రయోగశాలకు పంపమని అడగొచ్చు, అయితే ఆ ఫీజు ముందుగా మీరే కట్టాలి. పరీక్ష అవసరమైన కేసులకు చట్టం ఐదు నెలలు, లేనివాటికి మూడు నెలలు అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి దుకాణం మధ్యలో రాజీకి వచ్చి కూలర్ ఖర్చు, బిగింపు ఛార్జీ ఇస్తానంటే తీసుకోమనే నా సలహా. అయితే ప్రాసెసర్ వారంటీ యథాతథంగా కొనసాగుతుందన్న వాక్యం, సీరియల్ నంబరుతో సహా, ఆ రాజీపత్రంలో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.