ఎన్5 పాసైనా జపనీస్‌లో మాట్లాడలేకపోతున్నాను, ఏం చేయాలి?

జపనీస్ భాషా పరీక్షలో తొలి మెట్టయిన ఎన్5 పాసయ్యారని, దాని పై మెట్టు ఎన్4 పుస్తకం కూడా పూర్తయిందని, అయినా జపాన్ వాళ్లు ఎదురుగా ఉంటే నోరు పెగలట్లేదని మీరు రాశారు. నేను ఉద్యోగం కోసం టోక్యో వెళ్లి నిషి కసాయిలో ఉన్న మొదటి ఏడాది నాదీ అచ్చం ఇదే పరిస్థితి. నన్ను గట్టెక్కించింది శనివారం సాయంత్రాలు మాకు ఉచితంగా జపనీస్ నేర్పిన ఒక పెద్దావిడ. ఆవిడ పుస్తకం తెరిచేవారు కాదు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏం పంపారు, ఈ వారం ఎవరితో మాట్లాడావు అని అడిగేవారు, అంతే.

ఒకసారి మా అమ్మ ఆవకాయ పంపింది. ఆ సంగతి చెబుతూ "ఒకాసన్ గ త్సుకెమొనొ ఒ అగెమషిత" అన్నాను, "అమ్మ ఊరగాయ ఇచ్చింది" అనే ఉద్దేశంతో. ఆవిడ "దారె ని?" అన్నారు, అంటే "ఎవరికి?" అని. నాకే అన్నాను. అప్పుడు కాగితం మీద ఒక సున్నా చుట్టి, మధ్యలో నన్ను, నా పక్కన మా ఇంటివాళ్లను పెట్టారు. జపనీస్‌లో "ఇవ్వడం" అనడానికి రెండు మాటలు: ఇచ్చింది నా వైపు వస్తే కురెరు, నా దగ్గర్నుంచి బయటికి పోతే అగెరు. పక్కింటావిడ మా చెల్లికి ఏదైనా ఇచ్చినా కురెరే, ఎందుకంటే చెల్లి నా మనిషి. ఒకాసన్‌ను కూడా కొట్టేసి హహ అని రాశారు. బయటివాళ్లతో మన అమ్మ గురించి చెప్పేటప్పుడు హహ, ఎదుటివాళ్ల అమ్మ అయితే ఒకాసన్. చివరికి వాక్యం "హహ గ త్సుకెమొనొ ఒ ఒకుత్తె కురెమషిత" అయింది, అంటే "అమ్మ నాకు ఊరగాయ పంపింది" అని. నేను ఈ పాఠాన్ని పుస్తకంలో మూడుసార్లు చదివాను, కానీ తలకెక్కింది మాత్రం ఆ రోజే.

మన తెలుగువాళ్లకి అసలు కష్టం ఇక్కడే ఉంది. మనం బయటివాళ్లతో "మా నాన్నగారు వచ్చారు" అంటాం, అది మర్యాద. అక్కడ బయటివాళ్ల ముందు మనవాళ్లకి గౌరవం తగ్గించడమే మర్యాద. ఆఫీసులో క్లయింట్ ఫోన్ చేసి మా మేనేజర్‌ని అడిగితే, ఆయన పేరుకి సాన్ (మన "గారు" లాంటిది) తగిలించకుండా చెప్పాలి. నాకు మొదట్లో గొంతు దిగేది కాదు.

మిగతా చాలా విషయాల్లో తెలుగు మీకు చేతికర్రలా పనికొస్తుంది, ఇంగ్లిష్‌లోంచి ఆలోచించడం మానేయండి. "తిని చూడటం" అంటే తబెతె మిరు, మాటకి మాట సరిపోతుంది. "వస్తానని చెప్పింది"లో ఉన్న "అని"కి అక్కడ తొ ఉంది: కురు తొ ఇత్తె ఇమషిత. "చేసిపెట్టింది" అనే మాటలో ఉన్న ఆప్యాయత షితె కురెతలో ఉంది. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి వేర్వేరు మాటలుగా జపనీస్‌లోనూ ఉన్నాయి. నె అనేది దాదాపు మన "కదా".

ఒక్క జాగ్రత్త. పెద్దవాళ్లకి సాయం చేస్తూ, "చేసిపెడతాను" అనే అర్థంలో తె అగెరు వాడకండి. ఆవిడ సంచి అందుకుంటూ నేను "మొత్తె అగెమషో క" అన్నాను, అంటే "మోసిపెట్టనా?" అని. నీకు ఉపకారం చేస్తున్నాను అన్నట్టు ఉంటుందట. "ఒమొచి షిమాసు" ("నేను మోస్తానండి") అనాలని మెట్ల మీదే ఆగి, నాతో రెండుసార్లు అనిపించారు.

అక్కడ కానుకల సంగతులు కూడా బాగా పనికొస్తాయి. ఫిబ్రవరి 14న ఆడవాళ్లు చాక్లెట్లు ఇస్తారు, మార్చి 14న వైట్ డే నాడు మగవాళ్లు తిరిగి ఇస్తారు. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరి దగ్గర పుచ్చుకున్నారు అని మాట్లాడుకుంటుంటే అగెరు, కురెరు, మొరౌ (పుచ్చుకోవడం) మూడూ నోట్లో తిరుగుతాయి.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నా ఇది చేయొచ్చు. ఆన్‌లైన్‌లో మాట్లాడే తోడు ఒకరు దొరికితే చాలు. దొరికేదాకా రోజూ రాత్రి పడుకునే ముందు, ఆ రోజు మీకు ఎవరు ఏం చేసిపెట్టారో కురెమషితతో మూడు వాక్యాలు పైకి చెప్పండి. ఈ రాత్రి అన్నం పెట్టిన మనిషితో మొదలుపెట్టండి.